గోడ మీది గాయం

మిత్రులారా, బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలారా,

మన గుంటూరులో మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవర్ ఉంది. జిన్నా పాకిస్తాన్ స్థాపకుడు కాబట్టి దాని పేరు మార్చాలని కొందరన్నారు, కూల్చాలని కొందరన్నారు. 2022 ఫిబ్రవరిలో దానికి మువ్వన్నెల రంగులు వేశారు. అప్పుడు నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే ఒక పాప, "మాస్టారూ, రంగు వేస్తే గొడవ పోతుందా?" అని అడిగింది. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను.

ఇలాంటి గొడవే అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ జరిగింది. అక్కడ ఆ దేశపు తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పేరుతో ఒక హైస్కూల్ ఉంది. 1936లో విక్టర్ ఆర్నటాఫ్ అనే చిత్రకారుడు దాని గోడల మీద వాషింగ్టన్ జీవితాన్ని 13 భాగాలుగా చిత్రించాడు. తడి సున్నపు పూత మీద వేసిన బొమ్మలవి. రంగు గోడలోకి ఇంకిపోయి ఉంటుంది. అందరూ పొగిడే అధ్యక్షుడి పొలంలో బానిసలు చాకిరీ చేస్తున్నట్టు గీశాడాయన. ఇంకోచోట ఒక అమెరికా ఆదివాసి శవం నేల మీద పడి ఉంటుంది. వలస వచ్చినవాళ్లు దాన్ని దాటుకుంటూ నడుస్తుంటారు. వాళ్లకి మాత్రం బూడిద రంగే వేశాడు. దేశం దాచుకున్న తప్పును బయటపెట్టాలన్నదే ఆయన ఉద్దేశం.

మరి రోజూ ఆ శవం పక్కనుంచే క్లాసుకి వెళ్లే ఆదివాసి పిల్ల సంగతి? ఆ పిల్లకి చిత్రకారుడి ఉద్దేశం కనపడదు, తాత శవం కనపడుతుంది. "నీకు కళ అర్థం కాలేదు" అని ఆ పిల్లతో అనే హక్కు మనకి లేదు. మనమైనా గోడల మీద ఎవరిని ఎప్పుడూ నడుం వంచినట్టే గీస్తున్నామో ఒకసారి చూసుకోవాలి.

2019 జూన్‌లో అక్కడి స్కూల్ బోర్డు బొమ్మల మీద రంగు పూసేయాలని తీర్మానించింది. ఆగస్టులో కొంత తగ్గి, కప్పేస్తే చాలంది. వ్యవహారం కోర్టుకెక్కింది. 2022లో ఆ నిర్ణయాన్నీ వెనక్కి తీసుకున్నారు.

నా మనసు మాత్రం డ్యూయీ క్రంప్లర్ అనే చిత్రకారుడి దగ్గర ఆగిపోతుంది. 1960ల చివర్లోనే నల్లజాతి విద్యార్థులు ఆ బొమ్మల మీద నిరసన తెలిపారు. జవాబు బొమ్మలు వేసే పని యువకుడైన క్రంప్లర్‌కి వచ్చింది. 1974 కల్లా అదే స్కూల్లో నల్లవాళ్లు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు), ఆదివాసులు, ఆసియావాళ్లు తలెత్తుకుని కనపడే చిత్రాలు పూర్తయ్యాయి. 2019లో పాతవాటిని చెరపొద్దని గట్టిగా అన్నదీ ఆయనే. అవి లేకపోతే తన బొమ్మలు దేనికి జవాబో ఎవరికి తెలుస్తుంది?

పిల్లలూ, సాయంత్రం టవర్ దగ్గరికి నడిచి వెళ్దాం. డ్రాయింగ్ బోర్డులు తెచ్చుకోండి. ముందు దాన్ని ఉన్నదున్నట్టు గీయండి. తర్వాత, దాని ఎదురుగా మీకో ఖాళీ గోడ ఇస్తే ఏం వేస్తారో అది గీయండి.