పార్కుకు డబ్బు ఎలా వస్తుంది?

అందరికీ నమస్కారం. ఆదివారం తెల్లారకుండానే క్రికెట్ మ్యాట్ మోసుకెళ్లి సాకర్ గ్రౌండ్‌లో పరుచుకోవడం, కోచ్ పిల్లల్ని వెంటేసుకుని రాగానే మ్యాచ్ మధ్యలో మ్యాట్ చుట్టేయడం డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి అలవాటే. "సిటీ వాళ్లు మనకో గ్రౌండ్ ఇవ్వరేంటండీ?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు.

గ్రౌండ్లకి, పార్కులకి సిటీ పెట్టే డబ్బులో కొంత చాలా దూరం నుంచి వస్తుంది. 1964లో కేంద్రం, అంటే ఫెడరల్ ప్రభుత్వం, ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ చట్టం చేసింది. సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వుకునే కంపెనీలు కట్టే సొమ్ములో కొంత పార్కులకు పోవాలన్న లెక్క 1968లో దానికి కలిసింది. ఏడాదికి 90 కోట్ల డాలర్లన్నది పేరుకే, చాలా ఏళ్లు అందులో సగం కూడా విదల్చలేదు. 2020 చట్టంతో గానీ పూర్తి మొత్తం ఖాయం కాలేదు.

రాష్ట్రానికి దీంట్లో వాటా రావాలంటే అయిదేళ్లకోసారి ఔట్‌డోర్ రిక్రియేషన్ ప్లాన్ తయారు చేసి చూపించాలి. ఎక్కడ ఏం కావాలో జనాన్ని అడిగి రాస్తారు, ఆ ప్లాన్‌తో పొసిగే పనులకే గ్రాంటు దక్కుతుంది. మరి ఆ సర్వే మెయిల్ వస్తే చదవకుండా డిలీట్ కొట్టేది ఎవరు? మనమే!

గ్రాంటు వచ్చినా ఖర్చులో సగం వరకే ఇస్తారు. అదీ ఊరు ముందు తన జేబులోంచి పెట్టి, బిల్లులు చూపించి రాబట్టుకోవాలి. ఫ్రిస్కో లాంటి డబ్బున్న ఊళ్లో ఫర్వాలేదు, చిన్న ఊళ్ల సంగతేంటి? ఉన్నవాళ్లకే వడ్డించినట్టుందని నాకనిపిస్తుంది. కానీ ఒక షరతు మాత్రం బంగారం. ఈ డబ్బు పడిన నేల ఎప్పటికీ పార్కుగానే ఉండాలి. ఇంకో పనికి వాడాలంటే కేంద్రం అనుమతి తీసుకుని, అంతే విలువైన నేల బదులివ్వాలి.

నేల మనది కాకపోతే ఏమవుతుందో 2023లో చూశాం. ఫెయిర్‌ఫీల్డ్ లేక్ స్టేట్ పార్కు నేల కరెంటు కంపెనీది, రాష్ట్రానిది లీజు మాత్రమే. కంపెనీ దాన్ని డెవలపర్‌కి అమ్మేసింది, పార్కు మూతపడింది. అదే నవంబరులో కొత్త పార్కులు కొనడానికి 100 కోట్ల డాలర్ల నిధికి టెక్సస్ ఓటర్లు ఔనన్నారు. అది స్టేట్ పార్కులకు. మన పిచ్ సంగతి తేలేది సిటీ హాల్లోనే.

అక్కడ బడ్జెట్ హియరింగులు ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతాయి. ఎవరైనా లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. వచ్చేవాళ్లు టీ దగ్గర పేర్లు రాయించండి. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ల ఇంగ్లీషు మనకంటే బావుంటుంది.