దోమ కాటుకి నేను వాడేవి, వాడి మానేసినవి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు వ్లాగ్ మధ్యమధ్యలో గోక్కుంటూ చేస్తాను, ఏమీ అనుకోకండి. విదేశం వచ్చేశాం కదా, ఇక దోమల గోల ఉండదనుకున్నాను. ఎండాకాలం సాయంత్రం బ్యాక్‌యార్డ్‌లో పావుగంట కూర్చుంటే ఆ భ్రమ కాస్తా వదిలిపోయింది. నిన్న నా ఒక్క పాదం మీదే ఏడు దద్దుర్లు. పక్కనే కూర్చున్న మా వారికి ఒక్కటి లేదు! మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చర్మం వాసన పట్టుకుని దోమలు వస్తాయట. ఆ వాసన అందరికీ ఒకేలా ఉండదు. మా ఇంట్లో ఆ అదృష్టం నాది.

ఇదిగో, ఈ పూలకుండీ కింద ప్లేటు చూడండి. కెమెరా దగ్గరికి తెస్తాను. నల్ల దారం ముక్కల్లాంటివి నీళ్లలో తలకిందులుగా వేలాడుతున్నాయి, కనిపిస్తున్నాయా? నా చెయ్యి నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి జారిపోయాయి. అవన్నీ దోమ పిల్లలే. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. నేనేమో లోపల క్యాండిల్స్ వెలిగించుకుంటూ, బయట వీటిని పెంచుతున్నానన్నమాట! వారానికోసారి నీళ్లు ఒంపేయాలి. ఒంపడమే కాదు, అంచులు బ్రష్‌తో రుద్దాలి. కొన్ని రకాల దోమల గుడ్లు అక్కడే అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. బకెట్లు, పిల్లల బొమ్మలు, పైకప్పు గట్టర్లు కూడా ఒకసారి చూసుకోండి.

బయట కూర్చున్నప్పుడు టేబుల్ ఫ్యాన్ కాళ్ల వైపు తిప్పి పెట్టుకుంటున్నాను. దోమలకి గాలికి ఎదురెగిరే బలం లేదు. సిట్రొనెల్లా అనే మొక్క నూనెతో చేసిన క్యాండిల్ వాసన నాకు నచ్చింది, దోమలకి పెద్దగా పట్టినట్టు లేదు. ఆ మొక్కని ఊరికే కుండీలో పెట్టినా లాభం లేదు. మొక్కల నుంచి వచ్చేవాటిలో బాగా పనిచేసేది ఆయిల్ ఆఫ్ లెమన్ యూకలిప్టస్ ఉన్న రిపెలెంట్, అంటే దోమలు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే మందు. అదే పేరుతో అమ్మే ఎసెన్షియల్ ఆయిల్ వేరు, లేబుల్ చూసి కొనండి. మూడేళ్ల లోపు పిల్లలకి మాత్రం రాయకూడదు.

ఇక దురద. కుట్టేటప్పుడు దోమ లాలాజలం లోపలికి పోతుంది, దానికి స్పందనగా మన ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. అదే దద్దు, అదే దురద. నేను ముందు సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెడతాను. చాలాసార్లు అంతటితోనే తగ్గిపోతుంది. తగ్గకపోతే బేకింగ్ సోడాలో కొద్దిగా నీళ్లు కలిపి, ముద్దలా చేసి రాసి, పది నిమిషాల తర్వాత కడిగేస్తాను. ఒళ్లంతా కుట్టినప్పుడు ఓట్స్ పొడి కలిపిన నీళ్లతో స్నానం హాయిగా ఉంటుంది.

నిమ్మకాయ జోలికి మాత్రం పోకండి. ఎవరో చెప్పారని నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్లాను. దురద సంగతి దేవుడెరుగు, గోధుమరంగు మచ్చలు పడ్డాయి. నిమ్మరసానికి ఎండ తోడైతే చర్మం కాలుతుందని అప్పుడే తెలిసింది. దద్దు మీద గోటితో ప్లస్ గుర్తు నొక్కడం కూడా మానేశాను, గీరుకుపోతే చీము పడుతుంది. కుట్టాక జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా చిట్కాలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సరే, ఈ ప్లేటు బోర్లించేస్తున్నా. చూశారా, ఆ కుండీ కిందా ఉన్నాయి! ఆగండి, బ్రష్ తెస్తాను.