20 నెలల బాబుతో మొదటి క్రూజ్: బుక్ చేసే ముందు ఈ వీడియో చూడండి

అందరికీ నమస్తే అండీ. పోయిన నెల మేం అమెరికాలోని గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్‌కి 5 రాత్రుల క్రూజ్ వెళ్లొచ్చాం. నేను, మా వారు, కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ, 20 నెలల మా బుజ్జిగాడు. ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచీ ఒకటే మెసేజ్‌లు, అంత చిన్న పిల్లాడితో ఎలా వెళ్లారు అని. వెళ్లొచ్చండీ, హాయిగా వెళ్లొచ్చు. మేం మళ్లీ వెళ్తాం కూడా. కానీ ఒక్క మాట మాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఇంకో షిప్ బుక్ చేసుకునేవాళ్లం. షిప్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ సంగతి చాలా షిప్పుల్లో ఉన్నదే.

డైపర్ వేసుకునే పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌లోకి దిగనివ్వరు. నీళ్లలో వేసే స్విమ్ డైపర్ వేసినా సరే, దిగనివ్వరు. అమెరికా పోర్టులకి వచ్చే షిప్పుల్లో శుభ్రత ఎలా ఉందో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు తనిఖీ చేస్తారు, ఇది వాళ్ల నిబంధన. డైపర్ లోంచి కొంచెం బయటికొచ్చినా ఆ నీళ్లలో ఉన్న అందరికీ విరేచనాలు అంటుకోవచ్చు కదా, న్యాయమే. కానీ మొదటి రోజు మధ్యాహ్నం మావాడు ఆ నీలం నీళ్లు చూసి, చెప్పులు విప్పేసి, "నీయు, నీయు" అంటూ నా చెయ్యి లాగుతుంటే వాడికేం చెప్పను? ఎత్తుకుని వెనక్కి తీసుకొచ్చేశాను. గది దాకా ఏడుస్తూనే ఉన్నాడు.

కొన్ని షిప్పుల్లో డైపర్ పిల్లల కోసమే విడిగా నీళ్లాట చోటు కడతారు. డిస్నీ షిప్పుల్లో ఉంది, రాయల్ కరీబియన్ కంపెనీ వాళ్లకి కొన్నిట్లో ఉంది. మీ పిల్లలకి నీళ్లంటే ప్రాణమైతే టికెట్ ధర కంటే ముందు ఇది అడగండి. "పిల్లల పూల్ ఉందా" అని కాదు, "స్విమ్ డైపర్‌తో దిగనిస్తారా" అని అడగండి. రెండూ వేరు.

మరి మేమేం చేశామంటే, ఇదిగో, ఈ ప్లాస్టిక్ చెంబు. మామూలు గదుల్లో స్నానాల తొట్టె ఉండదు, నిలబడి చేసే షవరే. మావాడికి నెత్తిమీద షవర్ పడితే భయం. మా అమ్మ ఊరి నుంచి వస్తూ ఈ చెంబు సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. ఆ ఇరుకు బాత్రూమ్‌లో గడప మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్లు పట్టి, లాల పోసింది. వాడు రెండు చేతులూ చెంబులో పెట్టి, నీళ్లు తీసి అమ్మ మొహం మీద కొట్టి, ఒకటే కేరింతలు. 5 రోజులూ సాయంత్రం అయ్యేసరికి వాడికి అదే పూల్.

ఇక తిండి. రైస్ కుక్కర్ పట్టుకెళ్దాం అనుకునేవాళ్లు ఆగండి, వేడెక్కే వంట సామాన్లు షిప్ ఎక్కనివ్వరు. కెటిల్, ఇస్త్రీపెట్టె కూడా ఎక్కనివ్వరు. ఇంట్లో వండినది కూడా తీసుకెళ్లనివ్వరు. సీల్ తియ్యని ప్యాకెట్లు పర్వాలేదు. మేం మొదటి రాత్రే డైనింగ్ హాల్లో చెప్పాం, కారం లేని పప్పు, మెత్తటి అన్నం కావాలని. మాకు వడ్డించే అబ్బాయిది మంగళూరు. రెండో రాత్రి మేం కూర్చోకముందే పప్పన్నం పిల్లాడి ముందుంది. పగలు బఫేలో తెల్లన్నం దొరుకుతుంది. పొద్దున టిఫిన్ దగ్గర తియ్యదనం కలపని పెరుగు ఉంటుంది, రెండు కప్పులు తెచ్చి గదిలో చిన్న ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లం. అమ్మ వేళ్లతో మెత్తగా మెదిపి గోరుముద్దలు పెడితే, ఇంట్లో తిననివాడు కూడా తిన్నాడు. చేతులు మాత్రం సబ్బుతోనే కడగండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు, పిల్లలేమో ప్రతి రెయిలింగూ పట్టుకుంటారు.

నేను ఈ ట్రిప్‌ని ఇంతగా ఎందుకు ఇష్టపడ్డానంటే, పిల్లాడి నిద్ర. వేరే ఊరు వెళ్తే మధ్యాహ్నం నిద్ర ఎప్పుడూ కారు సీట్లోనే, మెడ వాల్చేసి. ఇక్కడ పన్నెండున్నరకి వాడు కళ్లు నులుముకోవడం మొదలుపెడితే 5 నిమిషాల్లో గదిలో ఉంటాం. పరదా వేస్తే చీకటి. కింద ఇంజిన్ సన్నగా హూఁ అంటుంటుంది. రెండు గంటలు కదిలేవాడు కాదు. బుక్ చేసేటప్పుడే మడత తొట్టె అడిగి పెట్టుకోండి, డబ్బులు తీసుకోరు. అది వేశాక గదిలో నడవడానికి చోటు అంతగా మిగలదు, కాబట్టి మడత పెట్టే సన్న స్ట్రోలరే తీసుకెళ్లండి.

బాల్కనీ గది తీసుకోమని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. కుర్చీ కనిపిస్తే ఎక్కే వయసు అది. మేం కిటికీ గది తీసుకున్నాం. ఆ కిటికీ గట్టు మీద వాణ్ణి నిలబెట్టి, నడుం పట్టుకుంటే, మోకాళ్లు ఆడిస్తూ అరగంట అలలు చూసేవాడు.

షిప్‌లో పిల్లల్ని చూసుకునే కిడ్స్ క్లబ్‌ల మీద ఆశ పెట్టుకోకండి. కార్నివాల్ కంపెనీ షిప్పుల్లో రెండేళ్లు నిండితే తీసుకుంటారు. రాయల్ కరీబియన్‌లో మూడేళ్లు నిండాలి, డైపర్ మానేసి ఉండాలి. అంతకంటే చిన్నవాళ్లకి నర్సరీ ఉంటే డబ్బు కట్టాలి. మాకు అమ్మ ఉంది కాబట్టి ఒక రాత్రి షో చూడగలిగాం. ఇంకా పసిపిల్లలైతే, చాలా క్రూజ్‌లకి 6 నెలలు నిండాలి, వరసగా ఎక్కువ రోజులు సముద్రంలోనే ఉండే వాటికి ఏడాది.

కాగితాల సంగతి కూడా చాలామంది అడిగారు. మావాడు ఇక్కడ అమెరికాలోనే పుట్టాడు. బయల్దేరిన పోర్టుకే తిరిగొచ్చే క్రూజ్ కాబట్టి బర్త్ సర్టిఫికెట్ చాలు అంటారు, కానీ పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. పిల్లాడికి జబ్బు చేసి మెక్సికోలో దిగిపోవాల్సి వస్తే విమానం ఎక్కాలి కదా. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్‌కి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. మీ పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపింగ్ తేదీ అయిపోయి ఉంటే మాత్రం లాయర్‌ని అడక్కుండా బుక్ చెయ్యకండి.

చివరిగా సామాను. ఎక్కే రోజు పెద్ద పెట్టెలు వాళ్లకిచ్చేస్తే గదికి వచ్చేసరికి సాయంత్రం అవ్వొచ్చు. మావి ఏడింటికి వచ్చాయి, అప్పటిదాకా వాడు పాలు ఒలికిన చొక్కాతోనే ఉన్నాడు. దిగే ముందు రాత్రి కూడా పెట్టెలు బయట పెట్టేయాలి. అందుకే రెండు జతల బట్టలు, రోజంతటికీ డైపర్లు, పాలసీసా, మందులు చేతి సంచిలో ఉంచుకోండి. చెంబు కూడా.