నవ్వించే సినిమాలో నవ్వని సంగీతం

శ్రోతలకు నమస్కారం.

తనను వెంబడిస్తున్న పోలీసుల కారు పొగగొట్టంలో అరటిపండ్లు కుక్కి, బండి కదలకుండా చేస్తాడు ఒకడు. వాడూ పోలీసే! 1984 డిసెంబరులో వచ్చిన ‘బెవర్లీ హిల్స్ కాప్’ చూసినవాళ్లు ఆ సీనునూ, హీరో ఎడ్డీ మర్ఫీ నవ్వునూ మర్చిపోరు. సినిమా చూడనివాళ్లు కూడా దాని ట్యూను వినే ఉంటారు. 2005లో ‘క్రేజీ ఫ్రాగ్’ పేరుతో సెల్‌ఫోన్లలో మోగింది అదే.

దాన్ని కట్టింది మ్యూనిక్‌లో పుట్టిన హెరాల్డ్ ఫాల్టర్‌మేయర్. వయొలిన్ల బృందం లేదు, బాకాలు లేవు, అన్నీ ఎలక్ట్రానిక్ వాద్యాలే. బేస్‌కు, అంటే అడుగున మోగే బరువైన స్వరాలకు మూగ్ సింథసైజర్, ట్యూనుకు రోలాండ్ జూపిటర్-8, చెక్కపలకల మీద కొట్టినట్టుండే శబ్దానికి యమహా డీఎక్స్7, తాళానికి లిన్‌డ్రమ్. అన్నీ ఆయనే వాయించాడు.

ఆ ట్యూనులో నవ్వు పుట్టించే స్వరం ఒక్కటీ ఉండదు. పైగా అది మైనర్ స్కేలు, కాస్త దిగులు రంగున్నది. చీకట్లో అడుగు చప్పుడు కాకుండా, అయినా బెదురు లేకుండా నడిచే మనిషిలా ఉంటుంది. కథ మొదలయ్యేదే హీరో స్నేహితుడి హత్యతో. ఆ ప్రమాదాన్ని సంగీతం మోస్తుంది, జోకులు మర్ఫీ వేసుకుంటాడు. సంగీతం కూడా జోకులేస్తే తుపాకీ బొమ్మ తుపాకీ అయిపోతుంది.

మనిషి జారిపడితే జర్రున జారే శబ్దం, కన్ను ఆర్పితే టింగుమనే శబ్దం వేయడాన్ని హాలీవుడ్‌లో ‘మిక్కీ మౌసింగ్’ అంటారు. కార్టూన్లకు అది ప్రాణం. యాక్షన్ సీనులో మాత్రం టెన్షన్‌ను చంపేస్తుంది. మన కామెడీ సీన్ల రీరికార్డింగ్‌లోనూ ఈ ‘టొయ్ టొయ్’ శబ్దాలు వింటుంటే నాకు బాధేస్తుంది. ప్రేక్షకుడికి ఎక్కడ నవ్వాలో తెలియదా?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1987 నాటి ‘లీథల్ వెపన్’. అందులో ఇద్దరు పోలీసులు. ఒకడు భార్య పోయి, బతుకు మీద ఆశ వదిలేసినవాడు. ఇంకొకాయన యాభైలో అడుగుపెట్టిన ఇల్లూ పిల్లలూ ఉన్న పెద్దమనిషి. మైకేల్ కామెన్, ఎరిక్ క్లాప్టన్, డేవిడ్ శాన్‌బోర్న్ కలిసి సంగీతం చేశారు. మొదటివాడికి క్లాప్టన్ గిటారు, పెద్దాయనకు శాన్‌బోర్న్ శాక్సఫోన్. ఇద్దరూ కీచులాడుకుంటుంటే మనం నవ్వుతాం. కానీ ఆ మొదటివాడు ఒంటరిగా మిగిలినప్పుడు గిటారు తీగ లాగుతుంటే, ఇంతసేపూ నవ్వింది ఈ మనిషిని చూసేనా అని గుండె పట్టేస్తుంది.

‘బెవర్లీ హిల్స్ కాప్’ తీసిన మార్టిన్ బ్రెస్టే 1988లో ‘మిడ్‌నైట్ రన్’ తీశాడు. పారిపోయిన అకౌంటెంట్‌ను న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ చేర్చాలి, అదీ కథ. ఇక్కడా తుపాకులు, ఛేజింగులు, నవ్వులే. సంగీత దర్శకుడు డ్యానీ ఎల్ఫ్‌మన్ మాత్రం సింథసైజర్ల మెరుపు వద్దనుకుని బ్లూస్ గిటార్లు, బాకాలు పట్టుకున్నాడు. దాంతో సినిమాకు దుమ్ము పట్టిన రోడ్డు వాసన, చాలా దూరం వచ్చేసిన మనుషుల అలసట వచ్చి చేరాయి.

ఇప్పుడు ఫాల్టర్‌మేయర్ ట్యూను వేస్తున్నాం. మొదట ట్యూను ఒంటరిగా వస్తుంది. తర్వాత కింద నుంచి బేస్ వచ్చి కలిసే చోట కళ్లు మూసుకుని వినండి.