గోల్కొండ పడింది ఏ రోజు? దక్కన్ ఫార్సీ కాగితాలు చదివే పద్ధతిపై స్టూడియో చర్చ

నిర్వాహకురాలు: నమస్కారం. ముస్లిం పాలకుల చరిత్ర మీద టీవీలో చర్చ పెడితే పది నిమిషాలకే గొంతులు లేస్తాయి. ఈ రోజు ఆ పని పెట్టుకోలేదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల కాగితాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిని చదివేవాళ్లు ఎలా చదువుతారు, ఎక్కడ బోల్తా పడతారు అన్నదే మన విషయం. మనతో ఒక ఫార్సీ ఆచార్యులు, మొఘల్ దక్కన్ మీద పనిచేసే చరిత్ర అధ్యాపకురాలు, పాత రెవెన్యూ రికార్డులు తెలిసిన విశ్రాంత అధికారి ఉన్నారు. మేడమ్, కాగితం ముందుకొస్తే మొదట ఏం చూస్తారు?

చరిత్ర అధ్యాపకురాలు: తేదీ. అందులో ఏముందన్నది తర్వాత. తేదీ తప్పితే మిగతాదంతా ఎంత బాగా చదివినా వృథా. చార్మినార్ సంగతే చూడండి. కట్టిన ఏడు హిజ్రీ, అంటే ముస్లిం చాంద్రమాన లెక్కలో, 1000 అంటారు, పాఠ్యపుస్తకంలో 1591 అని వేస్తారు. కానీ ఆ హిజ్రీ ఏడు మొదలైందే 1591 అక్టోబర్ 19న. అంటే అందులో 74 రోజులే 1591లో ఉన్నాయి. మిగతా 280 రోజుల చిల్లర 1592లోకి పోయింది. నెల తెలియకుండా ఒక్క ఇంగ్లిష్ సంవత్సరం వేయకూడదు, 1591-92 అని రాయాలి.

నిర్వాహకురాలు: హిజ్రీని ఇంగ్లిష్ తేదీగా మార్చే పట్టిక చేతిలో లేకపోతే?

చరిత్ర అధ్యాపకురాలు: చాంద్రమాన ఏడు 354 రోజులు, కొన్నిసార్లు 355. అందుకే దాదాపు 33 ఏళ్లకు ఒక ఏడు ముందుకు జరుగుతుంది. హిజ్రీ సంవత్సరాన్ని 33తో భాగించి, వచ్చినదాన్ని తీసేసి, 622 కలపండి. 1098 తీసుకుంటే 33 పోతే 1065, దానికి 622 కలిపితే 1687. అది గోల్కొండ పతనమైన ఏడు. కానీ ఇది పైపై లెక్క, ఒక ఏడు అటూఇటూ పోవచ్చు. రోజు కావాలంటే పట్టికే చూడాలి. అక్కడా ఒక్కరోజు తేడా మామూలే, ఎందుకంటే నెల మొదలయ్యేది నెలవంక కనబడ్డాకే. కాగితంలో వారం కూడా రాసి ఉంటే అదృష్టం, దాంతో సరిచూసుకోవచ్చు.

ఫార్సీ ఆచార్యులు: ఆ గోల్కొండ తేదీ సంగతి కూడా చెప్పండి మేడమ్. అందరూ దొర్లేది అక్కడే.

చరిత్ర అధ్యాపకురాలు: కోట మొఘలుల చేతికి చిక్కింది హిజ్రీ 1098, జిల్‌ఖాద్ నెల 24న. పుస్తకాల్లో 1687 సెప్టెంబర్ 21 అని ఉంటుంది. ఇప్పటి ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే అక్టోబర్ 1 వస్తుంది. కుర్రాళ్లు పుస్తకం తప్పనుకుంటారు. రెండూ ఒప్పే. సెప్టెంబర్ 21 జూలియన్ అనే పాత యూరప్ క్యాలెండర్ లెక్క, అక్టోబర్ 1 ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ లెక్క. ఆ శతాబ్దంలో వాటి మధ్య పది రోజుల తేడా. ఆనాటి ఇంగ్లిష్ కంపెనీ ఉత్తరాలు జూలియన్‌లో, డచ్చి కంపెనీవి గ్రెగోరియన్‌లో ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక సంఘటన వరస అల్లితే, కారణం కంటే ఫలితం ముందు జరిగినట్టు తేలుతుంది. ఇంకో చిక్కు, హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి 24వ తేదీ రాత్రి అంటే 24వ పగటికి ముందొచ్చే రాత్రి.

నిర్వాహకురాలు: మరి కాగితంలో హిజ్రీ ఏడు రాయకుండా ఉంటే?

చరిత్ర అధ్యాపకురాలు: చాలావాటిలో ఉండదు. ‘జులూస్ 31’ అని ఉంటుంది, అంటే పాదుషా గద్దెనెక్కిన 31వ ఏడు. ఔరంగజేబు జులూస్ లెక్క 1068 రంజాన్ ఒకటి నుంచి. అది హిజ్రీ ఏడు మొదటి నెల ముహర్రంతో మొదలవదు, అసలు గొయ్యి అక్కడుంది. 31వ జులూస్ 1098 రంజాన్‌లో మొదలై 1099 షాబాన్‌తో ముగుస్తుంది. ఇప్పుడు గోల్కొండ మీద మొఘల్ హుకుం ఒకటి, ‘7 రజబ్, జులూస్ 31’ అన్న తేదీతో వచ్చిందనుకోండి. తొందరపడి 1098 అని వేస్తే 1687 మే అవుతుంది. అప్పటికి ముట్టడే నడుస్తోంది, కోటలో గోల్కొండ సుల్తాన్ తానీషా ఉన్నాడు. రంజాన్ తర్వాతి రజబ్ కాబట్టి అది 1099, అంటే 1688 మే. ఒక్క ఏడు తేడాతో, ఇంకా గెలవని ఊరి మీద మొఘలులు హుకుం జారీ చేసినట్టు వ్యాసం తయారవుతుంది.

రెవెన్యూ అధికారి: మా దగ్గర ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కూడా అంతేనమ్మా. ఇంగ్లిష్ సంవత్సరం కావాలంటే దక్కన్ ఫసలీకి 590 కలపాలని అందరికీ తెలుసు. ఆ ఏడు ఎప్పుడు మొదలవుతుందో మాత్రం మరిచిపోతరు. నిజాం రాజ్యంలో అక్టోబర్‌లో, ఆజర్ నెలతోని. మద్రాసు వైపు జూలై ఒకటిన. జాగీర్ల రద్దు చట్టం మీద 1358 ఫసలీ అని ఉంటది. అది అమలైంది 1949 ఆగస్టు 15న. జూలై లెక్క వేసేటోడు ‘1359 కావాలె కదా, కాగితం దొంగది’ అంటడు. దొంగది కాదు, నెలల లెక్కే వేరు.

నిర్వాహకురాలు: ఆచార్య గారు, చార్మినార్‌కు ‘యా హాఫిజ్’ అన్న మాటలోనే సంవత్సరం దాగి ఉందంటారు కదా?

ఫార్సీ ఆచార్యులు: అది అబ్జద్ లెక్క. ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. మనం ‘జ్’ అని ఒకే అక్షరం రాస్తాం. ఆ లిపిలో అలా పలికేవి నాలుగు: జే 7, జాల్ 700, జాద్ 800, జోయ్ 900. తెలుగులో రాసుకుని లెక్కేస్తే 107 కూడా రావచ్చు. ‘హ’ కూడా రెండు రకాలు, ఒకటి 8, ఇంకోటి 5. హైదరాబాద్‌కు చెప్పే ‘ఫర్ఖుందా బున్యాద్’ విప్పితే 1006 వస్తుంది. అసలు లిపిలో చూడకుండా ఈ పని పెట్టుకోకూడదు. నన్నడిగితే, ఇలాంటి పదాన్ని వేరే సాక్ష్యం లేకుండా తేదీకి ఆధారంగా నిలబెట్టకూడదు కూడా. ముందు సంవత్సరం తెలిశాక, దానికి సరిపడే మాట వెతికి అతికించినవాళ్లూ ఉన్నారు.

చరిత్ర అధ్యాపకురాలు: అక్కడ నేను పూర్తిగా ఒప్పుకోను. శాసనంలోనే చెక్కి ఉంటే అది ఆధారమే.

ఫార్సీ ఆచార్యులు: చెక్కి ఉంటే సరే. జనం నోట ఉన్నదాని గురించే నా మాట.

నిర్వాహకురాలు: ముద్రల సంగతి?

ఫార్సీ ఆచార్యులు: ముద్రలో ఉండే సంవత్సరం ఆ ముద్రను చెక్కించిన ఏడాది. కాగితం రాసిన ఏడాది కాదు. ఒక ఖాజీ అదే ముద్రను ఏళ్ల తరబడి వాడతాడు. ముద్ర 1081 అంటే కాగితం 1081కి ముందుది కాదు అన్నంతవరకే మనం చెప్పగలం. చదివేటప్పుడు పైనుంచి దిగకండి. నస్తాలీఖ్ అనే ఫార్సీ రాతలో ఉన్న ముద్రల్లో మాట తరచూ కింది వరసలో మొదలై పైకి వెళ్తుంది. పేరు పైన, ‘బందా’ (సేవకుడు) అన్న మాట కింద కనబడి కంగారు పెడుతుంది. ఊరి పేర్లు ఇంకో తలనొప్పి. ఫార్సీలో హ్రస్వాలు రాయరు, ట-త, డ-ద తేడా సరిగ్గా నిలవదు. గోల్కొండే ‘గుల్‌కుందా’లా కనిపిస్తుంది. కొండ, కుంద, కంద అన్నీ ఒకే రూపం. కుతుబ్‌షాహీల చివరి రోజుల్లో ఫార్సీతోపాటు తెలుగూ ఉన్న ఫర్మానాలు వచ్చాయి. అలాంటిది దొరికితే ఊరి పేరు కోసం ముందు తెలుగు భాగమే చూడాలి. అక్కడ కరణం రాసిన పేరు స్పష్టంగా ఉంటుంది.

నిర్వాహకురాలు: అంకెలు కూడా మామూలు అంకెలు కావంటారు.

రెవెన్యూ అధికారి: సియాఖ్ అంటరు. అరబ్బీ సంఖ్యల పేర్లనే గొలుసుకట్టుగా కుదించి రాస్తే వచ్చిన గుర్తులవి. నూరు, వెయ్యి గుర్తులు చూస్తే అంకె అనిపించదు, కలం జారినట్టుంటది. సరిచూసుకునే దారి ఆ కాగితంలోనే ఉంటది. మొఘల్ లెక్కల కాగితంలో మొత్తం పైన రాస్తరు. దాని కింద వివరాలు, ఆ కింద మినహా, ఆ తర్వాత బాకీ. కింది వివరాలు కూడుకుంటూ పోయి పైమొత్తంతో పోల్చాలె. సరిపోకపోతే ఎక్కడో ఒక గుర్తు తప్పు చదివినమన్నట్టు. మినహా, బాకీ, వసూలు, దాఖలా, అన్నీ మన నోట్లో ఉన్న మాటలే కాబట్టి సులువనుకుంటరు. ముంచేది ఆ సులువే.

చరిత్ర అధ్యాపకురాలు: ముఖ్యంగా ‘జమ’. ఇప్పుడు ఖాతాలో జమ అయిందంటే డబ్బు చేరినట్టు. మొఘల్ కాగితంలో జమ అంటే రావలసిందని అంచనా వేసిన శిస్తు. నిజంగా వచ్చింది ‘హాసిల్’. దక్కన్‌లో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఉండేది. అందుకే జాగీర్లను నెలల లెక్కన తూచేవాళ్లు. ఎనిమిది నెలల జాగీరు అంటే ఏడాది జమలో మూడింట రెండు వంతులే చేతికొచ్చేది. ఆ మీద జమను దామ్‌లలో రాస్తారు, 40 దామ్‌లకు ఒక రూపాయి. 80 లక్షల దామ్ అని ఉంటే రెండు లక్షల రూపాయలు. దాన్ని 80 లక్షల రూపాయలుగా చదివి, ‘దక్కన్‌ను ఇంత దోచారు’ అనో ‘ఇంత సంపద ఉండేది’ అనో వ్యాసాలు రాస్తారు. తప్పు రెండు వైపులవాళ్లదీ ఒకటే.

నిర్వాహకురాలు: మనుషులు కనబడే కాగితాలు ఉన్నాయా, లేక అన్నీ లెక్కలేనా?

ఫార్సీ ఆచార్యులు: అర్జ్-ఓ-చెహ్రాలున్నాయి, సిపాయి, గుర్రం పోలికలు రాసుకున్న కాగితాలు. స్క్రీన్ మీద ఉన్నది క్లాసు కోసం తయారు చేసిన నమూనా, వరస మాత్రం అసలుదే. సిపాయి పేరు, తండ్రి పేరు, ఏ తెగ, ఏ ఊరు. తర్వాత ముఖం: రంగు, నుదురు వెడల్పా, కనుబొమలు కలిశాయా విడిగా ఉన్నాయా, కళ్లు, ముక్కు, పుట్టుమచ్చ ఎక్కడ, మశూచి గుంటలున్నాయా. ఆ కింద గుర్రం: రంగు, మచ్చలు, తొడ మీద వేసిన ‘దాగ్’ ముద్ర. హాజరు నాడు ఒకడి బదులు ఇంకొకడు, మంచి గుర్రం బదులు అరువు గుర్రం వచ్చి జీతం తినకుండా ఇదంతా.

చరిత్ర అధ్యాపకురాలు: సైన్యంలో ఎవరెవరున్నారో ఊహించక్కర్లేదు, తెగలవారీగా లెక్కపెట్టుకోవచ్చు. అయితే జాగ్రత్త. మిగిలిన కాగితాలు మిగిలినవే, అది మొత్తం సైన్యం కాదు. ఇంకోటి, ఖాజీ ముద్ర కనబడగానే ‘ఇక్కడ షరియత్ నడిచింది’ అని తీర్పిచ్చేస్తారు. అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరూ హిందువులైన విక్రయ పత్రాల మీదా ఖాజీ ముద్ర ఉంటుంది. చాలాచోట్ల అది మన రిజిస్ట్రార్ ఆఫీసు ముద్రలాంటిది. బీజాపూర్, మరాఠా వైపు మహజర్లలో, అంటే సాక్షుల ముందు రాసిన తీర్పు పత్రాల్లో అయితే సాక్షుల సంతకాల దగ్గర నాగలి బొమ్మ, కటారి బొమ్మ, తరాజు బొమ్మ ఉంటాయి. పటేలు నాగలి వేస్తాడు, వ్యాపారి తరాజు వేస్తాడు. ఫిఖహ్, అంటే ఇస్లామిక్ న్యాయశాస్త్ర, గ్రంథం ముందు పెట్టుకుని అది చూసి సమాజం ఇలా ఉండేదని చెప్పేవాళ్లు ఒక్క మహజరు కింది భాగం చూస్తే చాలు.

నిర్వాహకురాలు: ఇళ్లలో పాత ఇనాం కాగితాలు, ముంతఖబ్‌లు అనే హక్కు పత్రాలు ఉన్నవాళ్లు చాలామంది చూస్తున్నారు. వాళ్లేం చేయాలి?

రెవెన్యూ అధికారి: ముందుగాల, లామినేషన్ చేయించొద్దు. వేడికి కాగితం పాడైతది, మళ్ల ఊడదీయరాదు. తడిబట్టతోని తుడవొద్దు, ఆ పాత సిరా మసితో చేసింది, ఎండకు వెలవదు గానీ నీళ్లు తగిలితే కరిగిపోతది.

ఫార్సీ ఆచార్యులు: ఫొటో తీసేటప్పుడు వెనక వైపు కూడా తీయండి, ఖాళీగా కనిపించినా సరే. దఫ్తర్‌లో నమోదు చేసిన గుర్తులు, చిన్న ముద్రలు అక్కడే ఉంటాయి. అవి లేకపోతే ఆ హుకుం అమలైందో లేదో చెప్పలేం. అంచులు కత్తిరించకుండా, పక్కన స్కేలు పెట్టి, ఒకటి పైనుంచి వెలుతురుతో, ఇంకొకటి దీపాన్ని పక్కన వంచి పెట్టి తీయండి. వెలిసిపోయిన ముద్ర ఆ రెండోదాంట్లోనే కనిపిస్తుంది.