లైన్‌ను నడిపేది ఎవరు?

అందరికీ నమస్కారం.

ఒకవైపు 3.3 వోల్టుల కంట్రోలర్, మరోవైపు 5 వోల్టుల డిస్‌ప్లే. మధ్యలో ఒక వోల్టేజీ సిగ్నల్‌ను మరో వోల్టేజీకి మార్చే లెవెల్ షిఫ్టర్ కావాలి. ఎన్ని చానెళ్లు, ఎంత స్పీడు అని చూసి చాలామంది చిప్ ఎంచుకుంటారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ లైన్‌ను నడిపేది ఎవరు? ఒకవైపు నుంచేనా, రెండు వైపుల నుంచా? పైకీ కిందికీ రెండింటికీ గట్టిగా తోస్తారా, లేక కిందికి మాత్రం లాగి, పైకి లేపే పనిని, లైన్‌ను సప్లైకి కలిపే పులప్ రెసిస్టర్‌కు వదిలేస్తారా?

ఇది తేల్చుకోక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. 1.8 వోల్టుల కంట్రోలర్‌ను 3.3 వోల్టుల సెన్సర్‌కు ఐ2సీతో కలపాలి. ఐ2సీ అంటే రెండు తీగల పద్ధతి, ఎవరైనా లైన్‌ను కిందికి మాత్రమే లాగుతారు. సిగ్నల్ ఎటు వెళ్తోందో తానే పసిగట్టే (ఆటో డైరెక్షన్) టీఎక్స్‌బీ0104 చిప్ పెట్టాను. సెన్సర్ పలకలేదు. ముందు కోడ్‌నే అనుమానించాను. చివరికి ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే, డేటా లైన్ సున్నాకు పడుతోంది, వెంటనే లేచి ఒకటిన్నర వోల్టు దగ్గర ఆగుతోంది.

కారణం చిన్న లెక్కలో ఉంది. ఆ చిప్ సిగ్నల్ మారే క్షణంలోనే గట్టిగా తోస్తుంది. తర్వాత దాదాపు 4 కిలో ఓంల ద్వారా మెల్లగా పట్టుకుని ఉంటుంది. సెన్సర్ వైపు నేను పెట్టిన పులప్ 4.7 కిలో ఓంలు. రెండూ కలిసి వోల్టేజీని పంచే డివైడర్ అయ్యాయి: 3.3ను 4తో గుణించి 8.7తో భాగిస్తే 1.52 వోల్టులు. ఐ2సీలో 'లో' అనిపించుకోవాలంటే సప్లైలో 30 శాతం లోపు, అంటే 1 వోల్టు లోపు ఉండాలి. పులప్ పెడితే 50 కిలో ఓంలకు పైనే ఉండాలని డేటాషీట్‌లో రాసే ఉంది. ఆ చిప్ తీసేసి రెండు బీఎస్ఎస్138 మాస్‌ఫెట్లు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) పెట్టగానే సెన్సర్ పలికింది.

మాస్‌ఫెట్లతోనూ ఒక జాగ్రత్త ఉంది. 10 కిలో ఓంల పులప్, లైన్ మీద 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటే సిగ్నల్ లేవడానికి సుమారు 850 నానోసెకన్లు పడుతుంది. ఐ2సీ 100 కిలోహెర్ట్జ్‌తో నడిస్తే 1000 నానోసెకన్ల దాకా ఫర్వాలేదు, 400 కిలోహెర్ట్జ్‌కు పరిమితి 300. అప్పుడు పులప్‌ను 2.2 కిలో ఓంలకు తగ్గించాలి.

సిగ్నల్ ఒకేవైపు వెళ్లేదైతే ఆటో డైరెక్షన్ చిప్ జోలికి వెళ్లకండి. 3.3 నుంచి 5కు 74హెచ్‌సీటీ బఫర్ చాలు, 2 వోల్టులనే 'హై' అనుకుంటుంది. 74హెచ్‌సీకి 3.5 కావాలి. 3.3 ఇచ్చినా టేబుల్ మీద చాలాసార్లు పనిచేస్తుంది, అదే అసలు ప్రమాదం. 5 నుంచి కిందికి రావాలంటే 3.3తో నడిచే 74ఎల్‌వీసీ ఇన్‌పుట్ 5 వోల్టులను తట్టుకుంటుంది.

తప్పు వెతికేటప్పుడు స్కోప్ ప్రోబ్‌ను 10ఎక్స్‌లో పెట్టండి. 1ఎక్స్‌లో ప్రోబే దాదాపు 100 పికోఫారడ్లు కలిపి, మీరు చూస్తున్న ఎడ్జ్‌ను మార్చేస్తుంది. తర్వాత ఒకవైపు సప్లై తీసేసి, ఆ సప్లై లైన్ మీద మీటర్ పెట్టండి. సున్నాకు బదులు ఒకటో రెండో వోల్టులు కనిపిస్తే, రెండో వైపు కరెంటు సిగ్నల్ పిన్నుల రక్షణ డయోడ్ల గుండా అక్కడికి చేరుతోందన్నమాట. ఆఫ్ అయ్యిందనుకున్న చిప్ సగం ప్రాణంతో ఉంటుంది, మళ్లీ ఆన్ చేసినా సరిగ్గా రీసెట్ కాదు. ఒక సప్లై లేనప్పుడు పిన్నులను వదిలేసే లెవెల్ షిఫ్టర్‌ను ఎంచుకోండి. దాని ఎనేబుల్ పిన్ 'హై' అయితే ఆన్ అయ్యే రకమైతే, దానికి గ్రౌండ్ వైపు ఒక రెసిస్టర్ పెట్టి, రెండు సప్లైలూ నిలదొక్కుకున్నాకే పైకి లేపండి.