తాడు కడిగే రోజు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మన తెలుగు పిల్లలు చాలామంది ఆదివారం తెల్లవారకముందే లేచి రామనగర కొండలకు వెళ్తున్నారు. ఊరికి సుమారు 50 కిలోమీటర్లు. రోజంతా రాళ్లెక్కి సాయంత్రం ఇల్లు చేరతారు. బట్టలు నానబెడతారు, బూట్లు దులుపుతారు. ప్రాణం కాచిన తాడు మాత్రం ఆ దుమ్ముతోనే సంచిలో పడి ఉంటుంది. అది చూస్తే నాకు టెన్షన్.

చిన్నప్పుడు మా ఊళ్లో కల్లుగీసే పెద్దాయన తాటిచెట్టు ఎక్కేముందు మోకును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చేత్తో తడిమేవాడు. ఒక్కరోజూ మానడం నేను చూడలేదు.

క్లైంబింగ్ తాడు నైలాన్‌తో చేస్తారు. లోపల బరువు మోసే పోగులు, వాటి మీద అల్లిన తొడుగు. మనిషి జారితే సాగి, ఆ కుదుపును తాను తీసుకుంటుంది. సన్నటి ఇసుక ఆ తొడుగు సందుల్లోంచి లోపలికి దూరుతుంది. తాడు వంగిన ప్రతిసారీ పోగులను కాస్త కాస్త కోస్తుంది. అందుకే తాడును తొక్కొద్దంటారు. తొక్కితే ఇసుక ఇంకా లోపలికి దిగుతుంది.

కడగడం కష్టమేం కాదు. పెద్ద టబ్బులో చన్నీళ్లు, లేదా గోరువెచ్చని నీళ్లు. 30 డిగ్రీలు దాటకూడదు. గాఢత లేని సబ్బు కొంచెం చాలు. బ్లీచింగ్ దగ్గరకు రానివ్వొద్దు. నురగ పోయేదాకా నాలుగైదు నీళ్లు మార్చండి. తాడును జడలా అల్లి వల సంచిలో పెట్టి వాషింగ్ మెషీన్‌లో వేసేవాళ్లూ ఉన్నారు. నాకు చేత్తో కడగడమే ఇష్టం, ఎందుకంటే 60 మీటర్ల తాడు మొత్తం వేళ్ల మధ్య నుంచి వెళ్తుంది. ఎక్కడైనా మెత్తబడినా, నొక్కుకుపోయినా, గట్టిగా ముద్దకట్టినా వేళ్లకు తెలిసిపోతుంది. తొడుగు చిరిగి లోపలి తెల్ల పోగులు కనిపిస్తే ఆలోచించక్కర్లేదు, ఆ తాడు పని అయిపోయింది. వాడకుండా దాచినా సరే, పదేళ్లు దాటితే పక్కన పెట్టమని తయారీదార్లే చెబుతారు.

ఆరేయడం నీడలోనే. డాబా మీద దండేనికి వేయడం మనకు అలవాటు, కానీ ఎండ నైలాన్‌ను తినేస్తుంది. గదిలో ఫ్యాన్ కింద వదులుగా పరిచి, రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. తడి నైలాన్‌కు బలం తక్కువ.

నేనొకసారి నీడ కదా అని మా ఇంటి యుటిలిటీలో ఆరేశాను. కింద ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. మర్నాడు చూస్తే తాడు కొస జారి బ్యాటరీ మూత మీద పడి ఉంది. మరక లేదు, వాసన లేదు, చేతికీ ఏమీ తెలియలేదు. కానీ బ్యాటరీ యాసిడ్ పైకి ఏ గుర్తూ లేకుండానే నైలాన్‌ను పాడుచేయగలదు. అంటిందో లేదో తేల్చుకునే దారి నాకు కనిపించలేదు. ఎనిమిది నెలల కొత్త తాడు. కూర్చుని, మూరెడు మూరెడు ముక్కలుగా కోసి పారేశాను. పొడుగ్గా వదిలేస్తే ఎవరో ఒకరు బాగానే ఉందనుకుని నడుముకు కట్టుకుంటారు.